తడారని తోలు

గుడి కొక్కేనికి వేలాడుతున్న ఉరుము వాయిద్యాన్ని దించి ఒళ్లో పెట్టుకునేసరికి, దాని ఎడమ మూత ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలి, పొట్ట కోసిన మేకలా తెరుచుకుని ఉంది.

అప్పుడు మారెప్ప చేసిన పని చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. చీలిక రెండు పెదాలనూ వేళ్లతో దగ్గరికి లాగి, అతుక్కుంటాయేమో అన్నట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా చెత్తమంట అప్పుడే రాజుకుంది. జాతర నాటి తెల్లవారుజామున ఆ సెగకు మూతలు కాచి, ఎడమ మూతకు ఆముదం పట్టించి, ఒకసారి పుల్ల రాసి చూడటం అతని పని. అతనికి ముందు అతని నాయన పని. ఆ ముందు రాత్రి ఉరుము ఊరి దేవత అక్కమ్మ దగ్గర నిద్ర చేయాలి. అక్కమ్మ గుడంటే నాలుగు బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన గూడు. తలుపు లేదు. అమ్మ సొత్తు ముట్టుకునే మొగోడు ఆ నల్లరాళ్లపల్లిలో లేడని అందరి నమ్మకం.

ఉరుముకు రెండు మూతలు. మధ్యలో నడుము సన్నబడిన ఇత్తడి గుల్ల. కుడి మూతను కొడతారు, అది మనుషులను పిలవడానికి. ఎడమ మూత మీద వంకర పుల్లను అదిమి రాస్తారు. అప్పుడది మూలుగుతుంది. ఆ మూలుగు చెవిన పడితేనే అక్కమ్మ, పూనకం చెప్పే గణాచారి నల్లమ్మ ఒంటి మీదికి వస్తుంది, వచ్చి మాట్లాడుతుంది. ఈ పొద్దు అమ్మను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వానను ఆపుతున్న శవం ఎవరిది?

ఆరుద్ర కార్తె కూడా దుమ్ములో కలిసిపోయింది. సర్కారు గంజి కేంద్రం మూసేసి ఏడాదైనా తిరగలేదు, మళ్లీ జనం బలుసాకు దూస్తున్నారు. మబ్బు పడమటి గుట్ట దాకా వచ్చి, ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు తిరిగిపోతోంది. దానికి ఆ సీమలో ఒకటే అర్థం. బొల్లి మచ్చలున్న మనిషిని ఎవరో మట్టిలో పూడ్చారు. అలాంటి వాళ్లను పూడ్చకూడదు. కాల్చాలి, లేదంటే గుట్ట మీద బండల మధ్య గద్దలకు వదిలేయాలి. పూడిస్తే ఆ నేల ఎడారే. అమ్మను అడిగి, ఆ బొందను వెతికి, తవ్వి, ఉన్నదాన్ని ఈడ్చుకుపోయి తగలబెడితే తప్ప చినుకు రాలదు.

మారెప్ప పెళ్లాం ఓబులక్క వేసవికి ముందు చనిపోయింది. ఆమె పెదాలూ రెండు చేతులూ బొల్లితో తెల్లగా ఉండేవి.

అతను కేక వేయలేదు. కానీ జాతరకు కుండలు తెచ్చిన ఆడవాళ్లు చూశారు. ఎండ ముదరకముందే ఊరు ఊరంతా గుడి ముందు నిలబడింది. పక్క గుడిసెలో పడుకునే నల్లమ్మ కొంగు కప్పుకుని బయటికొచ్చి, ఎవరూ అడగక ముందే, "రేతిరి నాకేమీ యినపళ్లేదప్పా," అంది.

ఊరి పెద్ద హనుమంతప్ప ఉరుమును చేత్తో తీసుకోలేదు. కర్ర కొనతో తిప్పి చూశాడు. ఎముకలు తేలిన పొడుగాటి మనిషి. నవ్వు మరిచిపోయి చాలాకాలమైంది.

"దొంగే దొంగని అరిసినట్లుండాది," అన్నాడు.

"నేను కోసుకుంటానా సామీ? నాకు అన్నం పెట్టేదే అది."

"నీ పెండ్లాం చేతులు యా రంగులో ఉండెరా? చెప్పు, అందరూ యినల్ల."

మారెప్ప తల దించుకున్నాడు. వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "సున్నం కొట్టినట్ల ఉండె!" అంది. నలుగురు నవ్వారు. నవ్వులో తడి లేదు.

"గుట్ట మీద ఇడిసిపెట్టొచ్చినా సామీ. ఆ పొద్దే చెప్పినా కదా."

"ఎముకలేవిరా? మా గొర్రెలోళ్లు గుట్టంతా జల్లెడ పట్టినారు. ఒగ గద్ద గూడా వాలలేదంట. నీ పెండ్లాం నడుసుకుంటా పోయిందా ఏం?"

మళ్లీ నవ్వులు. హనుమంతప్ప మాత్రం నవ్వలేదు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్ద కరువులో మా యమ్మ బొంద తవ్వినప్పుడు గడ్డపార పట్టింది నేను. ఆ పొద్దు ఉరుము రాసింది నువ్వు. మరిసిపోయినావా? కన్నతల్లిని ఈ చేతుల్తో బయటికి తీసి కాల్చినా. నీ పెండ్లాం మా యమ్మ కంటే ఎక్కువదా? పొద్దు గుంకేలోగా ఉరుము మోగల్ల. మోగకపోతే అమ్మను అడిగే పనే లేదు. మీ గేరిలో ఇండ్లు, నీ చేను, నువ్వు పండుకునే తావు, అంతా తవ్వుతాం."

జనం చెదిరారు. పోతూ పోతూ ఎవడో చెత్తమంటను కాలితో ఎగదన్నాడు.

ఓబులక్క గుట్ట మీద లేదు. మారెప్ప వానచేనికి తూర్పు గట్టున, రేగుపొద కింద ఉంది. బతికున్నంతకాలం ఆమె చేతి సంకటి తినడానికి చుట్టాలు కూడా వెనకాడారు. చచ్చాక గద్దలకైనా పెట్టడానికి అతనికి చేతులు రాలేదు. అంతే. అందులో ధైర్యమూ లేదు, ఎదురుతిరగడమూ లేదు. ఆ రోజు శవానికి నీళ్లు పోసి, తల వైపు పట్టి చేనుదాకా మోసింది నల్లమ్మ. ఆ చోటు తెలిసింది వాళ్లిద్దరికే.

కొట్టకపోతే చేను తవ్వుతారు. కొడితే అమ్మ చెప్పేస్తుంది. కానీ అమ్మ చూసీ చూడనట్టు ఊరుకోవచ్చు కదా? కాపురానికి వచ్చిన నాటి నుంచి ఓబులక్క ఆ గుడి ముందు ఊడ్చింది. ఆ మాత్రం విశ్వాసం దేవతకు ఉండదా? ఆ ఒక్క ఆశను పట్టుకుని మారెప్ప ఉరుమును భుజాన తగిలించుకుని తోలు కోసం బయలుదేరాడు. తాడు ఒరిసి ఒరిసి అతని ఎడమ భుజం మీద నల్లటి గాడి పడిపోయింది. ఆ భుజం కుడిదానికంటే కిందికి జారి ఉంటుంది. ఉరుము లేకుండా నడిచినా ఉన్నట్టే నడుస్తాడు.

బాట పక్కన పీరాసాబ్ గుడిసె. మేకలు కోసి, తోళ్లు సున్నంలో ఊనబెట్టి, కణేకల్ సంతకు మోసుకుపోతాడు. గుడిసెకు చాలా ముందే కంపు ఎదురొస్తుంది.

"ఏమి మారెప్పన్నా! జాతర పొద్దు నా గడప తొక్కినావే. మీ అక్కమ్మ మా కల్మా చదివిందా ఏం?"

"తోలు కావల్లప్పా. ఎవురో కోసేసినారు."

పీరాసాబ్ చీలిక మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిపాడు. అతని ముఖంలో వేళాకోళం పోయింది.

"సున్నపు తొట్లో ఉండేది ఒగటే. రేపటికి గానీ ఆరదు. పచ్చిది కడితే మోగదన్నా, మూలుగుతాది."

"మూలగడమే కావల్ల."

పీరాసాబ్ తోలు పిండి ఇస్తూ అటూ ఇటూ చూశాడు. "నా మాటిను. తాడిపత్రిలో బండలు కోసే పనుండాది. నా బామ్మర్ది ఆడే ఉండాడు. ఇట్లనే ఎనక్కి తిరిగి సూడకుండా పో. ఈ ఊరోళ్ల కండ్లు బాగలేవు. పొద్దున నా తావుకొచ్చి గడ్డపారలు అడిగిపోయినారు."

"నేను పోతే నా చేను తవ్వుతారు పీరన్నా."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని మారెప్పకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. పీరాసాబ్ తోలు మీద వాలిన ఈగను తోలాడు.

"నాకు ఎడమ చెవు యినపడదు," అన్నాడు. "నువ్వు ఆ పక్కనుంచి మాట్లాడినావ్. గంజన్నా తాగి పో."

"ఉరుము పట్టే పొద్దు ఎంగిలి పడకూడదప్పా."

గుడి వెనక సన్నటి నీడలో కూర్చుని పని మొదలుపెట్టాడు. కుండపెంకుతో తోలు మీద మిగిలిన వెంట్రుకలు గీకాడు. పాత తోలును వెదురు చట్రం నుంచి ఊడదీస్తుంటే ఒకటి గమనించాడు. కోత ఒక్క ఊపులో పడింది. చివర్లో కొంచెం వంపు తిరిగింది. కత్తయితే అలా తిరగదు, కొడవలి తిరుగుతుంది. పైగా కుడి మూత మీద చిన్న గీత కూడా లేదు. పాడు చేయాలనుకున్న పగవాడు కనబడిన మూతను పొడుస్తాడు. రెంటిలో అమ్మను పిలిచేది ఏదో తెలిసినవాళ్లే ఎడమది ఏరి కోస్తారు. ఇత్తడి అంచు మీద పసుపు మరక ఉంది. ఉరుముకు పసుపు కొత్త కాదు. కానీ అది బొట్టు కాదు. గట్టిగా పట్టుకున్న నాలుగు వేళ్లు.

మారెప్ప ఆ మరకను తడిగుడ్డతో తుడిచేశాడు.

కొత్త తోలును చట్రానికి చుట్టి, తాళ్లు ఒక్కొక్కటే బిగించాడు. లాగినప్పుడల్లా ఎడమ భుజం నుంచి చిటికెన వేలి దాకా సూది దిగినట్టు నొప్పి. తాడు నొప్పే అనుకున్నాడు. నాయన నేర్పిన దరువులు మనసులోనే మూలిగాయి. పిలుపు దరువు ఒకటి, సాగనంపే దరువు ఒకటి. అతని బతుకంతా ఈ రెండు దరువుల మధ్య అటూ ఇటూ తిరగడమే. సీమలోనే ఉన్న గోరంట్ల ఊరు ఎటుందో కూడా తెలియదు. ఎవరి పెళ్లిలోనూ పంక్తిలో కూర్చోలేదు. ఒక్కసారి కూడా దరువు తప్పలేదు. అంత చిన్న గొప్ప. దాన్నీ ఎవరూ గుర్తించలేదు.

నాయన చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది. "పిలిచినాక మాట ముగించనీయల్ల రా. మధ్యలో సాగనంపినావంటే అమ్మ ఊరికే పోదు. పంపినోని ఊపిరి కొంగున కట్టుకోని పోతాది."

పొద్దు వాలుతుండగా నల్లమ్మ వచ్చింది. కొత్త మూతకు గణాచారి పసుపు రాయందే పుల్ల తగలకూడదు. ఆమెకు మెడ నుంచి మణికట్ల దాకా, మోకాళ్ల నుంచి పాదాల దాకా పసుపు మందంగా మెత్తి ఉంటుంది. ఆ పసుపు కింది రంగేమిటో ఊళ్లో చూసినవాళ్లు లేరు. ఇన్నేళ్లూ ఓబులక్కే ఆ పసుపు నూరి, గుడిసె తడిక మూసి పూసేది. లోపల ఇద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో, ఎందుకు అంతసేపు పట్టేదో మారెప్ప ఎన్నడూ అడగలేదు. ఓబులక్క పోయాక నల్లమ్మ వీపు మీద ఎప్పుడూ కొంగు కప్పుకునే ఉంటోంది.

"ఎండనీ మారెప్పా," అంది పసుపు ముద్ద చేత్తో పట్టుకుని. "పచ్చి తోలుకు అమ్మ రాదు."

"రాకుంటే తవ్వుతారు నల్లక్కా."

"వస్తేనో?"

అతను తాడు ముడి బిగించాడు.

"అమ్మొచ్చినాక నా నోరు నాది కాదు," అంది. "తెలిసినదంతా బయటికి దూకుతాది. నాకు తెలిసింది ఏందో నీకు తెలుసు."

"తెలుసు." తలెత్తాడు. "కొడవలి బాగా పదును పెట్టినావ్."

పసుపు ముద్ద ఆమె చేతిలో పగిలింది. ఆమె నోరు తెరిచేలోగా మారెప్ప ఉరుమును ముందుకు జరిపాడు. అడిగితే ఆమె చెబుతుంది. చెబితే అనుమానం కాస్తా నిజమని తెలిసిపోతుంది. తెలిశాక ఊరు అడిగితే అతనికి అబద్ధం చెప్పడం సరిగా రాదు.

"పూయి," అన్నాడు. "పొద్దు పోతాంది."

జనం గడ్డపారలతోనే వచ్చారు. ఆడవాళ్ల తలల మీద కుండలు, కుండల్లో వేపాకు, పిడికెడు నీళ్లు. గుడి ముందు అక్కమ్మ స్నానానికని ఒక నిండు కాగు. ఊరంతా కడవకొక చెంబు చొప్పున పోసి నింపినది. పిల్లలు దానివంకే చూస్తున్నారు.

"ఏమప్పా, మోగుతాదా, ముక్కుతాదా?" అన్నాడొకడు.

మారెప్ప కుడి మూత మీద మూడు దెబ్బలు వేసి, ఎడమ మూత మీద పుల్ల అదిమాడు.

ఆ శబ్దం అంతకు ముందు ఎవరూ వినలేదు. ఎండిన తోలు సింహంలా గురగురలాడేది. ఈ పచ్చి తోలు లోతు బావిలో పడిన పశువు రాత్రంతా అరిచి అలసిపోయి మూలిగినట్టు మూలిగింది. వేళాకోళం చేసినవాడు వెనక్కి జరిగాడు. కుక్కలు తోక ముడిచి గుడిసె వెనక్కి పోయాయి. అమ్మ రాదన్న నల్లమ్మకు మెడ మొదట బిగిసింది, తర్వాత పళ్లు. జుట్టు దానంతట అదే విప్పుకున్నట్టు జారింది. గాలి లేదు. అయినా గుడి మీది వేపమండలన్నీ ఒకేసారి పడమటికి వంగాయి.

"వచ్చింది!" అని సాగిలపడ్డారు.

హనుమంతప్ప ముందుకొచ్చాడు. "తల్లీ! మబ్బును ఆపిండేది ఎవురు? యాడ ఉండాది?"

నల్లమ్మ నోటి నుంచి వచ్చింది ఆమె గొంతు కాదు. "బొల్లి... మట్టి కింద బొల్లి... నాకు ఊపిరాడలేదు..."

"యా మట్టి తల్లీ? దిక్కు చూపించు!"

ఆమె కుడి చెయ్యి లేచింది. తూర్పుకు. మారెప్ప చేను ఉన్న దిక్కుకు. వేలు ఇంకా చాచలేదు. పెదాలు తర్వాతి మాట కోసం విచ్చుకుంటున్నాయి.

మారెప్ప దరువు మార్చాడు.

అది సాగనంపే దరువని అక్కడ ఇద్దరికే తెలుసు. ఒకరికి పూనకం. పిలిచే మూలుగు పొడుగు, సాగనంపే మూలుగు పొట్టి. పుల్లను వెనక్కి వెనక్కి లాగుతూ రాయాలి. లాగాడు. ఎడమ చెయ్యి భుజం దగ్గర నుంచే తనది కానట్టు అయిపోయింది. ఆ చేతిని ఉరుము మీద పడేసి, బరువుతోనే రాశాడు. పో తల్లీ, పో. నా పెండ్లాం నీ వాకిలి ఊడ్చింది. పో. నల్లమ్మ చెయ్యి గాలిలో తడబడింది. తూర్పు నుంచి వంగి, తిరిగి, ఎక్కడికి పోవాలో తెలియని పిట్టలా తిరిగి, చివరకు ఆమె రొమ్ము మీదే వాలింది. ఆమె కూలబడింది. వేపమండలు మళ్లీ నిటారుగా నిలిచాయి.

మారెప్ప కూడా కూర్చున్నాడు. గద్దె బండకు ఆనుకుని, ఉరుమును ఒళ్లోకి తీసుకుని, నిద్రొచ్చిన పిల్లవాడిని జోకొట్టేవాడిలా దానిమీద చెంప పెట్టాడు. పొద్దు గుంకుతోంది. ఎవరూ అతనివైపు చూడలేదు.

"సగంలోనే పోయిందే! ఎందుకు పోయింది?" హనుమంతప్ప అరిచాడు. "లేరా! మళ్లా రాయి! రేయ్, నీకే చెప్తాండేది!" కర్రతో భుజం మీద పొడిచాడు. నల్లటి గాడి ఉన్న ఆ భుజం నెమ్మదిగా పక్కకు ఒరిగింది.

ఒకడు అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు. తర్వాత గుంపులోంచి జాలి రాలేదు, కోపమే వచ్చింది. "అమ్మ సొత్తు కోసినోడు. అమ్మే తీసుకోనిపోయింది." "చెయ్యి తూరుపుకు లేచింది, నేను చూసినా." "తూరుపునే కదా వీని చేను? పదండి!" గడ్డపారలు భుజాలకెక్కాయి. హనుమంతప్ప ముందు నడిచాడు.

వాళ్ల వెనక నీళ్ల చప్పుడైంది.

ఆ ఊళ్లో ఆ చప్పుడు విని తిరక్కుండా పోయేవాళ్లు ఎవరూ లేరు. నల్లమ్మ కాగును రెండు చేతులా ఎత్తి తల మీద గుమ్మరించుకుంటోంది. ఊరు ఊరంతా చెంబు చెంబూ పోసిన నీళ్లు. పసుపు కారి మట్టిలో కలుస్తోంది. మెడ, భుజాలు, చేతులు, కొంగు జారిన వీపు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి బయటపడ్డాయి. తెల్లగా. ఓబులక్క చేతులకంటే తెల్లగా.

పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. నల్లమ్మ చచ్చినవాడి పక్కన కూర్చుని, తడి చేతులతో అతని తల సరిచేసింది.

"తోలు కోసిండేది వీడు కాదు, నేను. వేపమండలు కోసే కొడవలితో, రేతిరి, నా చేత్తోనే కోసినా. అమ్మొస్తే నా నోటెంట ఏం చెప్పిస్తాదో అని భయపడి కోసినా. అమ్మ చెయ్యి యాడ వాలిందో చూసినారు కదా? నా ఎద మీదే. అమ్మ చెప్పిన మట్టి ఈ పసుపే, బొల్లి ఉండేది నాకు. ఈ పసుపు కింద అప్పుడెప్పుడో వయసులో ఉన్నప్పట్నుంచీ ఉండాది. ఇంగెవురి మట్టీ తవ్వొద్దండి. హనుమంతప్పా, ఆ గడ్డపార దించు నాయనా. పెద్ద కరువులో మీ యమ్మ బొంద చూపించింది ఈ చెయ్యే. మీ యమ్మకు బొల్లి లేదు. అది పొయ్యికాడ కాలిన మచ్చ, నాకు తెలుసు. ఆ పొద్దు అమ్మ చెప్పిందో, నా మీద కన్ను పడకూడదని నా భయం చెప్పిందో, ఒట్టు, నాకు తెలీదు. నువ్వు మీ యమ్మను మోసుకోని పోతాంటే నేను పసుపు పూసుకోని కూసున్నా. వాన రాలేదు. మీకు నన్నేం చెయ్యాలనుంటే అది చెయ్యండి, కాల్చండి, గుట్టకు ఈడ్సండి, నేను యాడికీ పోను. ఆ ఉరుమును మాత్రం ఎవురూ ముట్టుకోవాకండి. వాడు పొద్దున్నుంచి కట్టినాడు. తోలింకా తడారలేదు."